తొట్టి వంతు

జూన్ 4, ఆదివారం

అన్నయ్యా,

ఈ ఉత్తరం నిలబడి చదువు. కూర్చుని చదివే సంగతి కాదు.

నిన్న మా ఫ్యాక్టరీలో ఒక మనిషిని చూశాను. రోజూ చూస్తున్న మనిషే, నిన్ననే కనబడ్డాడు. మా లేతు సెక్షన్లో, ఇనుము చెక్కే మిషన్ల మీద, పెద్ద టర్నరు. ఎప్పుడూ చెవి మీద పెన్సిలు, మెడలో తువ్వాలు. మాట కావాలంటే మనమే రెండుసార్లు పిలవాలి. మేం చేసే నీళ్ల పంపుల్లో తిరిగే కడ్డీ ఉంటుంది చూశావూ, అది ఆయన చేతిలోంచి వస్తే అద్దంలా ముఖం కనబడుతుంది.

క్యాంటీన్లో గిన్నెలు కడిగే మనిషిని కొత్త మేనేజరు పొదుపని చెప్పి తీసేశాడు. ఆ మేనేజరు చొక్కా మీద ఒక్క ముడతైనా ఉండదు, మేమంతా ఇస్త్రీ దొర అంటాం. నిన్న టీ వేళకి మిషన్లన్నీ ఆపించి, ఇకమీదట ఆఫీసర్ల టీ కప్పులూ టిఫిను ప్లేట్లూ లేతు సెక్షన్ వాళ్లు కడగాలని చెప్పాడు. మొదట పెద్దాయన్నే పిలిచాడు. పెద్ద తలకాయ వంగితే మిగతావి వాటంతటవే వంగుతాయని లెక్క.

పెద్దాయన తువ్వాలుతో చేతులు తుడుచుకుని, "నన్ను పనిలో పెట్టుకున్నప్పుడు ఈ కప్పుల సంగతి చెప్పలేదే సార్. చెప్పుంటే అప్పుడే ఇంటికెళ్లిపోయేవాణ్ణి" అన్నాడు.

"ఇప్పుడు చెబుతున్నాగా!"

"ఇప్పుడూ అంతే సార్. పొమ్మంటే పోతాను. కడగమంటే మాత్రం కడగను."

అంతే. గొంతు పెంచలేదు. వెళ్లి మిషను ఆన్ చేసుకున్నాడు. నేనైతే బల్లెక్కి ఉపన్యాసం దంచేదాన్ని. ఆయన వెనకాల ఒక్కొక్కరే "నేనూ కడగను సార్", "నేనూ" అని మిషన్ల దగ్గరికి వెళ్లిపోయారు. ఇస్త్రీ దొర ముఖం చూడాలి, ఉడికిన బంగాళాదుంపకి తొక్క తీసినట్టుంది. నన్నెవరూ అడగలేదు. ట్రైనీని కదా, లెక్కలో లేను. అడిగుంటే బాగుండేదని ఒళ్లంతా మండిపోయింది.

గదికొచ్చి నేను పోగేసుకున్న కార్మిక హక్కుల కరపత్రాలన్నీ మంచం మీద పరిచాను. ఇన్నాళ్లూ అవి కాగితాలు, నిన్న వాటికి కాళ్లొచ్చాయి. ఒక్క మాట గట్టిగా తెలిసిందన్నయ్యా: ఒకరి మురికి ఇంకొకరు ఎత్తడం మనిషి చేసే పని కాదు. చేసినవాడు తల వంచినట్టే. తల ఒకసారి వంగితే మళ్లీ నిలబెట్టడం కష్టం.

నెలాఖరుకి నా పర్మనెంటు కాగితం వస్తుంది. అది రాగానే నువ్వు ఈ ఊరి ఆసుపత్రికి బదిలీ పెట్టుకో. ఇద్దరం ఒక ఇంట్లో ఉందాం. ఈ అద్దె గదిలో కింద సైకిళ్ల షాపువాడు గాలి కొడుతుంటే నాకే కొడుతున్నట్టుంది.

పిడికిలి బిగించి,
నీ చెల్లెలు


జూన్ 9

పిడుగూ,

కూర్చునే చదివాను. వార్డులో నిలబడీ నిలబడీ కాళ్లు వాచి ఉన్నాయి.

మీ పెద్ద టర్నరుకి నా నమస్కారం చెప్పు. గొంతు పెంచకుండా కాదనడం అందరికీ రాదు. మన వంశంలో అయితే ఒక్కరికీ రాదు.

తర్వాత నువ్వు రాసిన ముక్క ఇంకోసారి చదివాను. ఒకరి మురికి ఇంకొకరు ఎత్తడం మనిషి చేసే పని కాదన్నావు. తల వంచినట్టే అన్నావు. నిజమేనే. రోగి మంచం కిందనుంచి పాత్ర తియ్యాలంటే తల వంచక తప్పదు. నిటారుగా నిలబడి తియ్యడానికి ఈ ఉత్తరం అందిన పొద్దున ప్రయత్నించి చూశాను, కుదరలేదు.

మనిషి చెయ్యని పని ఇన్నేళ్లుగా నేను చేస్తున్నానని నాకు తెలియలేదు. ఎవరూ చెప్పలేదు మరి. నువ్వు ఐటీఐలో చేరినప్పుడూ చెప్పలేదు, నీ మొదటి కరపత్రం నా చొక్కా జేబులో చెయ్యి పెట్టి కొనుక్కున్నప్పుడూ చెప్పలేదు. ఇకమీదట కవరు మీద "వార్డుబాయ్" అని రాయకు. ఉత్తరాలు పంచే అతను చూస్తే నీకే నామోషీ.

కప్పులు కడగనన్నావు, మంచిదే. కాగితం చేతికొచ్చేదాకా నోరు కాస్త భద్రంగా పెట్టుకుంటే ఇంకా మంచిది. ఇక్కడ వాన మొదలైంది. దగ్గేవాళ్లు ఎక్కువయ్యారు. పని ఉంది.

మీ అన్న


జూన్ 14

అన్నయ్యా, అన్నయ్యా,

నేనేం రాశాను, నువ్వేం చదివావు! నేను తిట్టింది ఇస్త్రీ దొరని. ఆ రాయి వెళ్లి నీకెలా తగిలింది? పైగా కప్పులు కడగనన్నది నేను కాదు, నన్నెవరూ అడగనే లేదని రాశాను కదా. ఉత్తరాన్ని కూడా వార్డులో చార్టులా పైపైన చూస్తావా?

నీ పని మీద నాకు చిన్నచూపేం లేదు. కానీ అది ఎన్నాళ్లు? నేను పర్మనెంటు కాగానే నువ్వు మానెయ్. ఎక్కడైనా కుర్చీలో కూర్చునే ఉద్యోగం చూద్దాం. నా అన్న ఒకళ్ల మంచం కింద వంగడం నాకిష్టం లేదు. ఇది ప్రేమ, పెడర్థం తియ్యకు.

ఇప్పుడు అసలు బాధ విను. నా దేవుడు పడిపోయాడు.

పెద్దాయన్ని లేతు మీంచి తీసేసి తుక్కు షెడ్డులో వేశారు, పాత ఇనుము ఏరమని. ఆయన ఈల వేసుకుంటూ వెళ్లాడు. నాకు ఒళ్లు పులకరించింది. శనివారం మధ్యాహ్నం ఆయనే మా సెక్షన్లోకి వచ్చి నా చేతికి ఓ బకెట్టూ పారా ఇచ్చాడు. "అమ్మాయ్, ఈ వారం తొట్టి నీది" అన్నాడు.

తొట్టి అంటే తెలుసా? ఇనుము కోసేటప్పుడు వేడెక్కకుండా మిషన్ల మీద పాలలాంటి నూనెనీళ్లు పడుతుంటాయి. అవన్నీ ఇనప రజనుతో కలిసి కాలవలోంచి నేలలో ఉన్న తొట్టిలోకి చేరతాయి. వారానికోసారి ఎవరో ఒకరు మోకాలి లోతు దిగి ఆ మడ్డి ఎత్తాలి. కుళ్లిన గుడ్డు కూడా ఆ వాసన ముందు అత్తరు.

నాకు తిక్క నషాళానికి అంటింది. బకెట్టు కింద పడేశాను. "దొర కప్పు కడగనని వీరుడనిపించుకున్న మీరు నన్ను మురుగులోకి దింపుతారా? ఆడపిల్లననా? చిన్నదాన్ననా? పైవాడు మిమ్మల్ని తొక్కితే మీరు కిందివాళ్లని తొక్కుతారా? నేను దిగను!" అన్నాను. సెక్షనంతా వినేలా అన్నాను. చప్పట్లు కొడతారనుకున్నాను. ఒక్కొక్కరే మిషన్ల వైపు తిరిగిపోయారు.

ఆయన నా వంక చూసి, "సరేలే అమ్మాయ్" అని ప్యాంటు మడిచి తనే దిగాడు. కప్పు పట్టనన్న ఆ చేతులతోనే మడ్డి ఎత్తాడు. తన అద్దాల గదిలోంచి ఇస్త్రీ దొర అది చూసి నవ్వాడు. అర్థమైంది కదా? లొంగిపోయాడు. మళ్లీ లేతు ఇస్తారని ఆశపెట్టి ఉంటారు. ఆరోజు నుంచి ఆయనతో మాట్లాడటం మానేశాను. మిగతావాళ్లు నాతో మాట్లాడటం మానేశారు.

మనుషుల్ని నమ్మకూడదన్నయ్యా. కాగితాలే నయం.

విసిగిపోయిన
నీ చెల్లెలు


జూన్ 19

పిడుగూ,

ముందు నా ఉద్యోగం సంగతి తేల్చుకుందాం. దాన్ని మాన్పించడానికి నువ్వెవరు? ఇస్త్రీ దొరకి చెల్లెలివా? ఆయన మీకు ఇష్టం లేని పని అంటగడుతున్నాడు, నువ్వు నాకు ఇష్టమైన పని లాక్కుంటున్నావు. ఎవరు నయమో నీ కరపత్రాల్లో వెతికి చెప్పు.

నీకో సంగతి చెప్పలేదు. ఉత్తరం నిండా ఉపన్యాసం రాస్తావని దాచాను. మా సూపరింటెండెంటు గారికి ఒక కుక్క ఉంది. మనిషికి ఒక్కరోజు సెలవిమ్మంటే ఇవ్వరు గానీ దానికి వారానికి రెండు స్నానాలు. వేసవిలో నన్ను వాళ్లింటికి వెళ్లి కుక్కకి స్నానం చేయించమన్నారు. "సార్, దానికి జబ్బేమైనా ఉందా?" అన్నాను. "లేదు, బాగానే ఉంది" అన్నారు. "అయితే అది నా వార్డు మనిషి కాదు సార్" అన్నాను. మర్నాటికి నన్ను కాలిన గాయాల వార్డులో వేశారు. అక్కడికి వెళ్లమంటే అందరూ మొహం తిప్పుకుంటారు. శిక్ష అనుకున్నారు వాళ్లు. నాకేమో ఇక్కడ చెయ్యడానికి నిజంగా పని దొరికింది.

ఒక ముసలి లారీ డ్రైవరున్నాడు. రెండు చేతులూ కాలాయి. మొదటిరోజు నేను పాత్ర తెస్తే గోడ వైపు తిరిగి ఏడ్చాడు. "కొడుకు వయసు వాడివి, నీ చేత ఈ పని..." అన్నాడు. "తాతా, నీకు చేతులుంటే నన్ను రానిచ్చేవాడివా? లేవు కాబట్టి నావి తెచ్చాను. నయమయ్యాక తిరిగిచ్చేద్దువుగాని" అన్నాను. నవ్వాడు. ఇప్పుడు నేను ఆలస్యమైతే, "ఏంరా, నా చేతులేవి?" అని కేకేస్తాడు. అక్కడ నా తల ఎంత వంగినా నాకు చిన్నతనంగా లేదు. కుక్క దగ్గర వంగి ఉంటే నా ముఖం నేనే చూసుకోలేకపోయేవాణ్ణి.

ఇప్పుడు నీ తొట్టి. అది ఎవరిది? దొరదా, మీదా? ఆ మడ్డి ఎత్తకపోతే ఎవరి చేతులకి దురద? నాకు తెలియదు, నేను లేతు పనివాణ్ణి కాదు. నీకూ తెలియదు, అడగలేదు కాబట్టి. వెళ్లి ఆయన్ని అడుగు. అడిగేటప్పుడు కరపత్రాలు గదిలో పెట్టి వెళ్లు.

ఆశ చూపితే లొంగే మనిషి తుక్కు షెడ్డుకి ఈల వేసుకుంటూ వెళ్లడే.

మీ అన్న


జూన్ 29

అన్నయ్యా,

ఉత్తరం పెద్దదవుతుంది. ఓపిగ్గా చదువు, నిలబడి అయినా సరే, కూర్చునైనా సరే.

అడిగాను. తుక్కు షెడ్డుకి వెళ్లి, గుమ్మం దగ్గర కాసేపు చీమల్ని చూస్తూ నిలబడి, చివరికి అడిగాను. పెద్దాయన ఒక విరిగిన గేరు మీద కూర్చుని సున్నం రాసుకుంటున్నాడు, చేతికి ఏదో చీరుకుంది. తల ఎత్తకుండానే చెప్పాడు.

"ఆ తొట్టి మనదమ్మాయ్. మన మిషన్ల మడ్డి. ఎత్తకపోతే ఆ నీళ్లు మన చేతుల మీదే పడతాయి, చర్మం ఊడుతుంది. అందుకని వంతులు పెట్టుకున్నాం. ఏ మేనేజరూ పెట్టలేదు, మేమే. మా ఫోర్మన్ కూడా దిగుతాడు. ట్రైనీలకి వంతు ఉండదు. ఇవ్వం. సెక్షను మొత్తం కూర్చుని, సరే ఈ మనిషి మనలో మనిషి అనుకున్నాకే బకెట్టు ఇస్తాం. మీ బ్యాచీలో ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. నీకిద్దామని నేనే అన్నాను."

నేను నేలలోకి దిగిపోయానన్నయ్యా. వాళ్లు నాకు దండ వేస్తుంటే, ఉరి వేస్తున్నారని అరిచాను.

"మరి ఆరోజు చెప్పలేదేం?" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"నువ్వు చెప్పనిచ్చావా తల్లీ? నీ స్పీడు చూస్తే మిషనుకి బెల్టు తెగినట్టుంది." అప్పుడు నవ్వాడు. "అయినా బాగా అరిచావు. మనవాళ్లలో నన్ను అలా అడిగినవాడు లేడు. నిజంగా నేను తొక్కుతుంటే అడగాల్సింది అలాగే. ఈ శనివారం వంతు నీదే. ఈసారి బకెట్టు పడెయ్యకు, సొట్టలు పోయి ఉంది."

అలాంటి మనిషిని లొంగిపోయాడని రాశాను. ఆ ఉత్తరం చింపి పారెయ్.

శనివారం దాకా రానే లేదు. ఇవాళ పొద్దున ఇస్త్రీ దొర పిలిపించాడు. బల్ల మీద నా పర్మనెంటు కాగితం, దాని పక్కనే ట్రే నిండా ఎంగిలి కప్పులు. ఆరోజు నేను పెద్దాయన మీద అరిచినప్పటి నుంచి నేను తన మనిషిననుకుంటున్నాడు!

"నువ్వు తెలివైనదానివి. వాళ్లతో నీకు పడదని చూశాను. ఈ ఒక్కరోజూ వీటిని కడిగెయ్, సంతకం పెట్టేస్తాను" అన్నాడు.

"కడగను సార్" అన్నాను. చూశావా, గొంతు పెంచలేదు.

అప్పుడాయన నా ఫైలు తెరిచాడు. "సంరక్షకుడు, అన్న, వార్డుబాయ్" అని పైకి చదివాడు. "మగాడయ్యుండి మీ అన్న ఊరందరి మలమూత్రాలు ఎత్తుతాడు. ఆడపిల్లవి, నీకు టీ కప్పు బరువైందా? మీ ఇంట్లో లేని పరువు నీకెక్కణ్ణుంచి వచ్చింది?"

నీ ఉత్తరం అందకముందు ఈ మాట అని ఉంటే నేనేమనేదాన్నో తెలుసా? ఏడ్చేదాన్ని. లేకపోతే ఆ ట్రే విసిరికొట్టేదాన్ని. నిజం చెబుతున్నాను, అప్పుడు సిగ్గుపడి ఉండేదాన్ని. ఇవాళ నాకు నువ్వు కనబడ్డావు, ఆ తాత మంచం పక్కన. ఇలా అన్నాను:

"మా అన్న రోగులకి చేస్తాడు సార్. రేపు మీరు మంచాన పడితే మీకూ చేస్తాడు, ఒక్కమాట అనకుండా, మీ ఇస్త్రీ చెడకుండా. కానీ మీరిప్పుడు బాగానే ఉన్నారు. ఒంట్లో బాగున్నంతకాలం మీ కప్పు మీరే కడుక్కోవాలి."

ఆయన కాగితాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాడు. రేపట్నుంచి రావద్దన్నాడు.

మన ఇల్లు పోయిందన్నయ్యా. ఆ మాట ఎలా రాయాలో తెలియక ఇంత దూరం సాగదీశాను. ఏం చెయ్యను? కానీ మెట్లు దిగుతుంటే నాకు గర్వంగా ఉంది. నా గురించి కాదు.

ఆ వార్డుబాయ్ చెల్లెలు


జూలై 3

పిడుగూ,

నీ ఉత్తరం తాతకి చదివి వినిపించాను. ఆయన కట్లు కట్టిన చేతులతో చప్పట్లు కొట్టబోయి నొప్పికి కెవ్వున అరిచాడు. నర్సమ్మ వచ్చి ఇద్దర్నీ తిట్టింది. ఆ తర్వాత నేను దుప్పట్లు మడిచే గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు.

నేనూ ఒకటి ఒప్పుకోవాలి. నీ మొదటి ఉత్తరం చూసి నాకు కోపం వచ్చింది నువ్వు తప్పు రాశావని కాదు, ఎక్కడో నేనూ అలాగే అనుకుంటున్నానేమోనని. ఇప్పుడు అనుకోవడం లేదు.

ఇక్కడికి వచ్చెయ్యకు. ఇప్పుడొస్తే దొర పంపిస్తే వచ్చినట్టుంటుంది. అక్కడే ఉండు, రోజూ గేటు దాకా వెళ్లు, మీ వాళ్లకి కనబడు. బదిలీకి అర్జీ పెట్టేశాను. నీ పర్మనెంటు కోసం ఆగేదేముంది? రెండు గదులు కాకపోతే ఒకటి. మధ్యలో ఓ దుప్పటి కట్టుకుందాం. నువ్వు ఉపన్యాసం మొదలుపెడితే అటు తిరిగి పడుకుంటాను.

భోజనం మానకు. కోపంతో కడుపు నిండదు.

అన్నయ్య


జూలై 11

అన్నయ్యా,

తొట్టి వాసన ఇంకా నా గోళ్లలోంచి పోలేదు. ఈ కాగితానికి కూడా అంటితే ముక్కు మూసుకుని చదువు.

జరిగింది చెబుతాను. నన్ను తీసేశాక వచ్చిన శనివారం తొట్టిలోకి ఎవరూ దిగలేదు. "వంతు ఆ అమ్మాయిది" అన్నారట. సోమవారానికి నూనెనీళ్లు పులిశాయి. దొర ఒకతన్ని దిగమన్నాడు. "వంతు నాది కాదండీ." ఇంకొకతన్ని. "ఆ అమ్మాయి వస్తే చేస్తుందండీ." తుక్కు షెడ్డు నుంచి పెద్దాయన్ని పిలిపించాడు. "నాకిప్పుడు లేతు లేదు కదా సార్, నాకు తొట్టి ఏంటి?" అన్నాడట. ఎవరూ పని ఆపలేదు, నినాదం ఇవ్వలేదు. చేతులకి గుడ్డలు చుట్టుకుని ఆ కంపులోనే ఇనుము కోశారు. నేను గేటు బయట నిలబడి రోజూ వాళ్ల చేతులే చూశాను. దద్దుర్లు లేచి ఎర్రగా ఉన్నాయి. నాకోసం! నేను తిట్టిన మనుషులు! "మీరు దిగండి, నా వంతు నేను వదులుకుంటున్నాను" అని బతిమాలాను. ఫోర్మన్ గారు, "నోర్ముయ్, వంతు వదులుకోవడానికి అదేమన్నా సినిమా టికెట్టా?" అన్నారు.

గాలి మారి కంపు అద్దాల గదిలోకి వెళ్లింది. అప్పుడు కబురొచ్చింది, రమ్మని. ట్రైనీగానే, ఇంకో ఏడాది. పర్మనెంటు కాగితం సొరుగులోనే ఉంది. పెద్దాయన ఇంకా తుక్కు షెడ్డులోనే ఉన్నాడు. అన్నీ గెలిచామని రాయలేను, నీకు అబద్ధం చెప్పను.

వెళ్లగానే ప్యాంటు మడిచి దిగాను. నా ముందు బకెట్లు అందుకోవడానికి సెక్షనంతా వరసగా నిలబడింది. కక్కుకోకుండా పైకి వచ్చానంటే అది నా గొప్ప కాదు, పైనుంచి వాళ్లు వేసిన జోకుల గొప్ప. రేపు వెళ్లి ఒక గది చూస్తాను, దుప్పటి కట్టడానికి రెండు మేకులు దిగేంత గోడ ఉంటే చాలు.

ఇక కప్పులు. మేం కడగలేదు, కొత్త మనిషిని పెట్టుకోవడానికి దొరకి అహం అడ్డొచ్చింది, ఆఫీసర్ల కప్పులు ఎంగిలివి ఎంగిలిగానే పేరుకుపోయాయి. నిన్న మధ్యాహ్నం టీ వేళకి మేమంతా పెరట్లో ఉన్నాం. అద్దాల గది తలుపు తెరుచుకుంది. ఇస్త్రీ దొర, ఒక్కడే, చేతిలో తన కప్పుతో కుళాయి దగ్గరికి వచ్చాడు. చొక్కా చేతులు మడిచాడు. కుళాయి ఎక్కువ తిప్పేశాడు, నీళ్లు చిమ్మి ముఖం మీద పడ్డాయి. కప్పు బయట కడుగుతున్నాడు, లోపల మరక అలాగే ఉంది.

నాకు నవ్వు పొంగుకొచ్చింది. అందరం కిసుక్కుమనబోయాం. షెడ్డు గుమ్మంలోంచి పెద్దాయన మా వైపు వేలు చూపించి, మెల్లగా అన్నాడు:

"అటు తిరగండ్రా. కొత్తగా నేర్చుకునేవాణ్ణి కళ్లప్పగించి చూస్తే చెయ్యి వణుకుతుంది."

అందరం అటు తిరిగి నిలబడ్డామన్నయ్యా. నీళ్ల చప్పుడు ఆగేదాకా.

నీ చెల్లెలు